ఓడ కదలని రోజు

సాయంత్రం పూట జూబిలీ పార్కులో నడిచే మా ముసలివాళ్ళ గుంపులో ఒక ప్రశ్న అప్పుడప్పుడూ వస్తూ ఉంటుంది. "పద్నాలుగు రోజులు అమెరికా ఓడలో తిరిగొచ్చావు గదా, అన్నిటికన్నా బాగా గుర్తున్నదేమిటి?" అని. నీలం సముద్రం గురించో, మెక్సికో గురించో చెబుతానని వాళ్ళ ఆశ. "ఓడ రేవులో కట్టేసి ఉన్న రోజు" అంటాను. అందరూ నవ్వుతారు. లక్షలు పోసి ఓడెక్కి, ఓడ కదలని రోజును తలుచుకునేవాడు జంషెడ్‌పూర్ మొత్తానికి వీడొక్కడే అని ఒకాయన అన్నాడు కూడా.

నేను నవ్వులాటకి అనడం లేదు. ఆ రోజు నేనొక తప్పు చేశాను. ముప్పై ఏళ్ళుగా "ఆధారం చూపించండి, అప్పుడు నమ్ముతాను" అని ఊరందరితో వాదించినవాణ్ణి. అలాంటి నేను ఆధారం లేకుండా ఒక కుర్రాడి మీద నింద మోపాను. ఇది రాయాలని చాలాసార్లు అనుకుని వాయిదా వేశాను. ఎదుటివాళ్ళ తప్పుల గురించి రాయడం తేలిక. మన సంగతి వచ్చేసరికి కలం కదలదు. ఇక వాయిదా వెయ్యదలుచుకోలేదు.

ముందు, మా ఇంట్లో ఓడ అంటే ఏమిటో చెప్పాలి.

మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు నుంచి వచ్చిన కుటుంబం. 1920లలో మా తాత, ఆయన అన్న, ఇద్దరూ పొట్ట చేతబట్టుకుని ఊరు వదిలారు. పెద్దాయన ఓడెక్కి రంగం పోయాడు. ఈ కాలం పిల్లలకు ఆ మాట తెలియకపోవచ్చు. రంగూన్‌ని మనవాళ్ళు రంగం అనేవారు. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్టీమర్లలో డెక్కు టిక్కెట్టు కొనుక్కుని వేలమంది తెలుగు కూలీలు అక్కడికి వెళ్ళారు. బర్మావాళ్ళు మనవాళ్ళని కోరంగీలు అన్నారు, కోరంగి రేవు పేరు మీద. చిన్నాయన, అంటే మా తాత, రైలెక్కి టాటానగర్‌లో దిగాడు. సాక్చికి జంషెడ్‌పూర్ అనీ, కాలీమాటి స్టేషన్‌కి టాటానగర్ అనీ పేర్లు పెట్టింది 1919లో. అంటే మా తాత దిగేనాటికి ఈ ఊరి పేరుకి పదేళ్ళు కూడా లేవు.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఆ తర్వాతి నెలల్లో లక్షలాది భారతీయులు బర్మా వదిలి పారిపోయి వచ్చారు. ఓడలో చోటు దొరకని బీదవాళ్ళు కొండలూ అడవులూ పట్టుకుని నడిచారు. అలా నడిచినవాళ్ళలో మా పెద్దతాత కూడా ఉన్నాడని ఎవరో వచ్చి చెప్పారట. ఆయన మాత్రం రాలేదు. అందుకని మా నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ మా ఇంట్లో ఓడ మాట ఎత్తేవారు కాదు.

అలాంటి ఇంట్లోవాణ్ణి 2020 జనవరిలో ఓడెక్కాను. అమెరికాలో ఓర్లాండోలో ఉంటున్న మా అమ్మాయి, మా పెళ్ళయి నలభై ఏళ్ళయిన సందర్భంగా టిక్కెట్లు కొంది. ఒక వారం తూర్పు కరీబియన్, తర్వాతి వారం పడమటి కరీబియన్. ఒకే ఓడ, ఒకే గది. దీన్ని అక్కడివాళ్ళు బ్యాక్ టు బ్యాక్ అంటారు. మొదటి వారం అయ్యాక ఓడ బయలుదేరిన రేవుకే వస్తుంది. అందరూ దిగిపోతారు, కొత్తవాళ్ళు ఎక్కుతారు. మాలాంటివాళ్ళు మాత్రం అందులోనే ఉండిపోతారు. బస్సు డిపోకి వచ్చి బోర్డు మార్చుకుని మళ్ళీ బయలుదేరుతుంటే మనం సీటు వదలకుండా కూర్చున్నట్టు.

ఓడ వెనక భాగం మీద పెద్ద అక్షరాలతో "నసావు" అని రాసి ఉంది. అది బహమాస్ రాజధాని. ఎక్కేది ఫ్లోరిడాలో, ఎక్కేవాళ్ళు ఎక్కువమంది అమెరికన్లు, జెండా మాత్రం బహమాస్‌ది. పెద్ద విహార ఓడల్లో చాలావాటికి బహమాస్, పనామా, బెర్ముడా, మాల్టా జెండాలే ఉంటాయి. విదేశీ జెండా ఓడ అమెరికాలో ఒక రేవులో ఎక్కించుకున్న ప్రయాణికుణ్ణి తీసుకెళ్ళి ఇంకో అమెరికా రేవులో దించకూడదని 1886 నాటి చట్టం ఒకటి అక్కడ ఉంది. అందుకే ఈ ఓడలు ఏదో ఒక పరాయి దేశపు రేవును తాకి, గానుగెద్దులాగా బయలుదేరిన చోటికే వస్తాయి. ఆ జెండా వల్ల ఇంకొక లాభం కూడా ఉంది. అది తర్వాత చెబుతాను.

మా గది చూసే కుర్రాడు రెండో రోజున మాకు తెలిశాడు. నేను తువ్వాలు మంచం మీద పడేసినందుకు మా ఆవిడ తిడుతోంది. తలుపు దగ్గర నిలబడి విన్నాడు. "మీరు తెలుగోళ్ళాండీ?" అన్నాడు. సోంపేట వైపు కుర్రాడు. ఇరవై ఆరేళ్ళుంటాయి. మాది టెక్కలి అని తెలిసేసరికి అతని మొహం వెలిగిపోయింది. ఆ పూట నుంచి నేను బాబాయ్‌ని, మా ఆవిడ పిన్ని. పదహారు గదులు అతని వంతు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి సర్దాలి. ఏడు నెలల కాంట్రాక్టు. ఆ ఏడు నెలల్లో సెలవు రోజంటూ ఉండదు, రోజులో కొన్ని గంటల విరామాలే ఉంటాయి.

"సముద్రం బాగుందా?" అని అడిగాను, ఏదో ఒకటి అడగాలని.

"కనబడితే కదా బాబాయ్! మేముండేది నీళ్ళకి కిందన" అన్నాడు నవ్వుతూ.

ఇక అసలు రోజు.

ఆదివారం, 2020 జనవరి 12. తెల్లవారకముందే ఓడ పోర్ట్ కెనావరల్‌లో కట్టేశారు. ఉత్తరాన దూరంగా అంతరిక్ష కేంద్రం పెద్ద కట్టడం మసకగా కనబడుతోంది. ముందురోజు రాత్రే దిగిపోయేవాళ్ళ పెట్టెలన్నీ వరండాల్లో వరసగా పెట్టించి కిందికి దింపేశారు. ఎనిమిది నుంచి రంగు చీటీల ప్రకారం జనాన్ని దించడం మొదలైంది. మాలాగా ఉండిపోయేవాళ్ళం వందమంది దాకా ఉన్నాం. మా అందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి తలా ఒక కార్డు ఇచ్చారు, దాని మీద "ఇన్ ట్రాన్సిట్" అని ఉంది.

ఉండిపోయేవాళ్ళు కూడా ఒకసారి నేల మీదికి దిగాల్సిందే. ఇమ్మిగ్రేషన్ అధికారి ముందు నిలబడి పాస్‌పోర్టు చూపించాలి. ఆ తర్వాత టెర్మినల్ హాల్లో కూర్చోవాలి. ఓడలో పాత ప్రయాణికుడు ఒక్కడు కూడా లేడని తేలాక గానీ మళ్ళీ ఎక్కనివ్వరు. ఆ స్థితిని వాళ్ళు "జీరో" అంటారు. ఎవరో ఇద్దరు ఇంకా దిగలేదు. మైకులో వాళ్ళ పేర్లు పిలుస్తూనే ఉన్నారు. మేం గడియారం చూసుకుంటూ కూర్చున్నాం. పదకొండు గంటలకు కొంచెం ముందు యూనిఫాం వేసుకున్న ఒకావిడ వచ్చి, "ఓడ సున్నా అయింది" అని ప్రకటించింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

నాకు లెక్కల అలవాటు. ఆవిణ్ణి అడిగాను, "సిబ్బంది కూడా దిగారా?" అని.

"వాళ్ళెక్కడికి దిగుతారు సార్? ఈ లెక్క వాళ్ళకి కాదు" అంది ఆవిడ, అడగరానిదేదో అడిగినట్టు చూసి.

ఓడలో సిబ్బంది వెయ్యిమందికి పైన ఉన్నారు. ఆ సున్నా లోపల వెయ్యిమంది ఉన్నారన్నమాట. అప్పటికి అది నాకు ఒక తమాషా లెక్కలాగా మాత్రమే తోచింది.

మేం మళ్ళీ ఎక్కేసరికి ఓడ ఎలా ఉందో చెప్పాలి. ముందురోజు దాకా తిరునాళ్ళలాగా ఉన్న చోటు. ఇప్పుడు ఈతకొలను చుట్టూ కుర్చీలన్నీ ఖాళీ. పాటలు లేవు. పిల్లల అరుపులు లేవు. లిఫ్టు నొక్కగానే వచ్చింది. కానీ వరండాలోకి వెళ్ళి చూస్తే ప్రతి గది తలుపూ తెరిచి ఉంది. దుప్పట్లు, తువ్వాళ్ళు నడుమెత్తు కుప్పలుగా పోశారు. వాటి మధ్యలోంచి బళ్ళు తోసుకుంటూ కుర్రవాళ్ళు పరిగెడుతున్నారు. పై డెక్కు నుంచి కిందికి చూస్తే రేవు గట్టు మీద ఫోర్క్‌లిఫ్టులు బంగాళదుంపలు, గుడ్లు, పుచ్చకాయలు అట్టపెట్టెలకు అట్టపెట్టెలు ఓడ కడుపులోకి తోస్తున్నాయి. ఇంకోవైపు నుంచి వారం రోజుల చెత్త బయటికి పోతోంది. పన్నెండు దాటేసరికి కొత్త జనం ఎక్కడం మొదలుపెడతారు. ఒంటిగంటన్నరకల్లా ప్రతి గదీ, అందులో నిన్నటిదాకా ఎవరూ పడుకోనట్టు ఉండాలి. సాయంత్రం నాలుగున్నరకి మళ్ళీ బయలుదేరాలి.

పై డెక్కు మీద కాఫీ తాగుతూ మా ఆవిడతో అన్నాను: "చూశావా, ఓడ ఖాళీగా ఉంటే ఎంత హాయిగా ఉందో!"

ఒంటిగంటకి గదికి వెళ్ళాం. అప్పటికే సర్దేసి ఉంది. భోజనం తర్వాత వేసుకోవాల్సిన రక్తపోటు మాత్ర కోసం చూశాను. మా అమ్మాయి కొనిచ్చిన ప్లాస్టిక్ డబ్బా, ఏడు రోజులకి ఏడు అరలు. పొద్దున మంచం పక్కనున్న చిన్న బల్ల మీద ఉంది. ఇప్పుడు లేదు. సొరుగుల్లో లేదు. బాత్‌రూంలో లేదు. చెత్తబుట్ట ఖాళీ చేసి ఉంది.

నా ఆలోచన ఎలా సాగిందో దాచకుండా రాస్తాను. పొద్దున డబ్బా ఉంది. మధ్యలో గది ఊడ్చారు. ఇప్పుడు డబ్బా లేదు. కాబట్టి ఊడ్చినవాడు దాన్ని చెత్తలో పారేశాడు. అంతే. మన పెద్దలు దీనికి ఎప్పుడో పేరు పెట్టారు, కాకతాళీయం అని. కాకి వాలింది, తాటిపండు పడింది, కాబట్టి కాకి వల్లే పడింది. తాయెత్తు కట్టాక జ్వరం తగ్గిందనే వాళ్ళకి ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు. ఆ పూట ఆ కాకి నా బుర్ర మీద వాలింది.

మా ఆవిడ, "ఒకసారి సంచులన్నీ చూద్దాం ఉండండి" అంది. నేను వినలేదు. కిందికి కౌంటరుకి వెళ్ళి ఫిర్యాదు చేశాను. దొంగతనం అనలేదు. "అజాగ్రత్తగా పారేసి ఉంటాడు" అన్నాను. అలా అన్నందుకు నాకు నేను చాలా మర్యాదస్తుడిలాగా కూడా అనిపించాను. వాళ్ళు గది నంబరు రాసుకుని, "మేం చూసుకుంటాం సార్" అన్నారు. పైగా, డబ్బా దొరక్కపోతే ఓడ డాక్టరు దగ్గర మాత్రలు ఇప్పిస్తామన్నారు.

మూడు గంటలకి కొత్త ప్రయాణానికి భద్రతా కసరత్తు ఉంటుందని చెప్పారు. ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా 2012 జనవరి 13న మునిగి 32 మంది చనిపోయాక, ఓడ కదిలేముందే ఇది జరగాలని నియమం గట్టిపడింది. ఉండిపోయినవాళ్ళు కూడా వెళ్ళాలి. వెళ్ళేముందు పాస్‌పోర్టులు లాకరులో పెడదామని మెడకి తగిలించుకునే గుడ్డసంచి విప్పాను. పాస్‌పోర్టుల వెనక మాత్రల డబ్బా ఉంది. ఇమ్మిగ్రేషన్ దగ్గర ఎంతసేపు నిలబెడతారో అని పొద్దున నేనే అందులో పెట్టుకున్నాను.

మా ఆవిడ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

కౌంటరుకి పరిగెత్తినట్టే వెళ్ళాను. డబ్బా దొరికిందనీ, తప్పు నాదేననీ చెప్పాను. "సంతోషం సార్" అన్నారు. ఫిర్యాదు కొట్టేయమన్నాను. నమోదైనదాన్ని కొట్టేయడం కుదరదనీ, కింద ఇంకో మాట చేర్చవచ్చనీ అన్నారు. కాగితం అడిగి, జరిగింది నా చేత్తో రాసి, సంతకం చేసి ఇచ్చాను.

కుర్రాడు రాత్రి గది సర్దడానికి వచ్చినప్పుడు గానీ మిగతా సంగతి తెలియలేదు. నా ఫిర్యాదు అందగానే అతని సూపర్‌వైజరు పిలిచాడు. ఓడలో చెత్తని కింద ఒక గదిలో వేరు చేస్తారు. మా వరండా సంచులన్నీ అక్కడ విప్పి, ఇతను చేతులకు తొడుగులు వేసుకుని ఒకటింబావు నుంచి పావు తక్కువ మూడు దాకా వెతికాడు. ఆ రోజు అతనికి ఒడ్డు మీదికి వెళ్ళడానికి దొరికింది ఆ గంటన్నరే. రేవు దగ్గర నావికుల కేంద్రం ఒకటి ఉంది. అక్కడ ఉచితంగా ఇంటర్నెట్ వస్తుంది. ఓడలో అయితే సిబ్బంది కూడా డబ్బు కట్టాలి. మూడు రోజుల్లో సంక్రాంతి. మన దేశంలో అప్పటికి అర్ధరాత్రి. సోంపేటలో వాళ్ళమ్మ ఫోను పట్టుకుని మేలుకుని కూర్చుని ఉంది.

"ఏటి బాబాయ్, ఇంత సిన్నదానికి ఇలాగైపోతన్నారు? మాయమ్మ రేపు తిడతాది, అంతే గదా" అన్నాడు.

నా ఫోను ఇచ్చాను, మాట్లాడమని. ప్రయాణికుల గదిలో కూర్చుని ఫోను మాట్లాడకూడదట, రూలు. నవ్వి, దుప్పటి మడత సరిచేసి వెళ్ళిపోయాడు. డబ్బు ఇవ్వబోతే, ప్రయాణం చివర ఇద్దురు గాని లెమ్మన్నాడు. చివర ఇచ్చాను. కానీ ఆ గంటన్నర తిరిగి ఇవ్వడానికి నా దగ్గర ఏ దారీ లేదు.

ఆ రాత్రి నిద్రపట్టక, జంషెడ్‌పూర్‌వాడిగా నాకు తెలిసిన ఒక లెక్క వేసుకున్నాను. మీరూ చూడండి.

మా ఊరి ఉక్కు కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం వచ్చింది 1912లో. అమెరికాలో అతి పెద్ద ఉక్కు కంపెనీ పన్నెండు గంటల పనిదినాన్ని వదులుకున్నది 1923లో. అంతర్జాతీయ కార్మిక సంస్థ మొట్టమొదటి ఒప్పందం 1919లో చేసింది. కర్మాగారాల్లో రోజుకి 8 గంటలు, వారానికి 48 అని. మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం కూడా వారానికి 48 గంటలే అంది. అంతకుమించి చేయిస్తే రెట్టింపు కూలి ఇవ్వాలి.

ఇప్పుడు సముద్రం మీద. నావికుల కార్మిక ఒప్పందం 2006లో కుదిరింది, 2013లో అమల్లోకి వచ్చింది, మన దేశం 2015లో ఆమోదించింది. దాని ప్రకారం దేశాలు రెంటిలో ఒకటి ఎంచుకోవచ్చు. పని గంటల మీద పరిమితి పెడితే రోజుకి 14, వారానికి 72 మించకూడదు. లేదా విశ్రాంతి మీద పరిమితి పెడితే రోజుకి 10 గంటలు, వారానికి 77 గంటలు తగ్గకూడదు. వారానికి 168 గంటలు. అందులోంచి 77 తీసేస్తే 91. అంటే వారానికి 91 గంటలు, రోజుకి 13 చొప్పున, పని చేయించినా ఒప్పందం మీరినట్టు కాదు. ఓడలో ఏ దేశపు కార్మిక చట్టం నడుస్తుందో చెప్పేది ముఖ్యంగా ఓడ వెనకాల కట్టిన జెండా. నేను ముందు తర్వాత చెబుతానన్న లాభం ఇదే. సోంపేట కుర్రాడు ఫ్లోరిడా రేవులో చెమటోడుస్తుంటే, అతని గంటలు లెక్కపెట్టాల్సింది మన చట్టమూ కాదు, అమెరికా కూలి చట్టమూ కాదు.

ఈ ఒప్పందం దండగ అనడం లేదు. అంతకుముందున్న స్థితికన్నా ఇది చాలా మెరుగు. మా పెద్దతాత ఎక్కిన స్టీమరులో పనివాళ్ళ విశ్రాంతిని గంటల్లో ఎవరూ రాసిపెట్టలేదు. కానీ నేల మీద వందేళ్ళ కిందట గెలుచుకున్న 48 నీటి మీదికి వెళ్ళేసరికి 72గానో 91గానో ఎందుకు మారుతుంది? ఓడ ఆగదు గనక అంటారు. ఆ మాట నేను చిన్నప్పుడు విన్నాను.

మా నాన్న బ్లాస్ట్ ఫర్నేస్‌లో పనిచేశారు. ఆరు నుంచి రెండు, రెండు నుంచి పది, పది నుంచి ఆరు, మూడు షిఫ్టులు. ఫర్నేస్‌ని ఆర్పి ఇంటికి వెళ్ళడం కుదరదు. లోపల ఇనుము గడ్డకడుతుంది. కాబట్టి తర్వాతి షిఫ్టు మనిషి రాకపోతే ఉన్నవాడు కదలకూడదు. నాకు పదేళ్ళప్పుడు, అలాంటి రోజున, అమ్మ కట్టిచ్చిన క్యారియరు పట్టుకుని కద్మా నుంచి గేటు దాకా వెళ్ళేవాణ్ణి. ఒకసారి నాన్న గేటు దగ్గర నిలబడే అన్నం తిన్నారు. "కొలిమి ఆగదురా" అన్నారు. ఆ ఓవర్‌టైం డబ్బుతోనే మా ఇంటికి రేడియో వచ్చింది, అది కూడా చెప్పాలి. కానీ కొలిమి ఆగకపోయినా మనిషి ఆగాలని తెలిసి, ఒక కొలిమికి మూడు షిఫ్టుల మనుషుల్ని పెట్టారు ఈ ఊళ్ళో. ఓడ ఆగకపోవడం కారణం కాదు. అదనపు మనిషికి పడుకోవడానికి మంచం కావాలి, జీతం కావాలి. అదీ కారణం.

ఇంత తెలిసినవాణ్ణి, ఆ నాన్న కొడుకుని, ఆ మధ్యాహ్నం పై డెక్కు మీద నిలబడి "ఓడ ఖాళీగా ఉంది" అన్నాను. నా తప్పు మాత్రల డబ్బా దగ్గర మొదలవలేదు, ఆ మాట దగ్గరే మొదలైంది. ఒక మనిషిని లెక్కలోంచి తీసేస్తే, తర్వాత అతని మీద ఏ అనుమానమైనా సులువుగా అతుక్కుంటుంది. ఆ గదిలోకి ఆ రోజు ముగ్గురం వెళ్ళాం. ముగ్గురిలో ఒక్కణ్ణే అనుమానించాను. మిగతా ఇద్దరిలో నేనూ ఒకణ్ణని నాకు తోచనే లేదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ నావికుల కేంద్రాన్ని నడిపేది చర్చి మనుషులు. చాలా రేవుల్లో అంతే. మిషన్ టు సీఫేరర్స్ అనే సంస్థ 1856 నుంచి ఈ పని చేస్తోంది. ఇక్కడ కూడా తెలుగు మాట వినాలంటే నేను బిష్టుపూర్ ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం దాకా వెళ్ళి, లోపలికి వెళ్ళకుండా బయట నిలబడి మాట్లాడి వస్తుంటాను. దేవుడి మీద నా అభిప్రాయం ఏమీ మారలేదు. కానీ ఫోను కోసం వచ్చే కుర్రాడికి ఒక కుర్చీ వేసే పని దేవుణ్ణి నమ్మనివాళ్ళు కూడా చెయ్యవచ్చు గదా, మనం ఎన్ని రేవుల్లో వేశాం?

కథ అక్కడితో అయిపోలేదు. మేం జనవరి 19న ఓడ దిగాం, ఫిబ్రవరిలో జంషెడ్‌పూర్ చేరాం. అప్పటికే జపాన్‌లో యోకోహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ ఆగిపోయింది. 3,711 మంది ఉన్న ఆ ఓడలో 712 మందికి కోవిడ్ సోకింది. ఆ తర్వాత గ్రాండ్ ప్రిన్సెస్. ఆ ఓడ 2020 ఫిబ్రవరి 11న శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి మెక్సికో వెళ్ళి 21న తిరిగొచ్చింది. ఆ రోజే జనాన్ని మార్చుకుని హవాయికి బయలుదేరింది. అరవై మందికి పైగా ప్రయాణికులు మాలాగే దిగకుండా ఉండిపోయారు. సిబ్బంది చాలామంది పాతవాళ్ళే. మొదటి ప్రయాణంలో ఉన్న జబ్బు రెండో ప్రయాణంలోనూ బయటపడింది. మార్చి 5న హెలికాప్టర్ నుంచి పరీక్షా సామగ్రి దింపారు. మొదట పరీక్షించిన 46 మందిలో 21 మందికి ఉన్నట్టు తేలింది. ఆ 21 మందిలో 19 మంది సిబ్బంది.

ఆ అంకె పేపర్లో చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. దుప్పట్లు మార్చారు, గదులు కడిగారు, పాత జనం దిగిపోయారు. లెక్కప్రకారం ఓడ సున్నా. కానీ సున్నాలో ఉన్నవాళ్ళ ఊపిరి లెక్కలోకి రాలేదు. వైరస్ మాత్రం వాళ్ళని మనుషులుగానే లెక్కవేసింది.

2020 మార్చి 14న అమెరికా ఆరోగ్య సంస్థ విహార ఓడల ప్రయాణాలు ఆపించింది. ప్రయాణికులు ఇళ్ళకి చేరారు. సిబ్బంది వేలమంది సముద్రం మీదే నెలల తరబడి ఉండిపోయారు. ఇక్కడ లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని ఆ కుర్రాడికి వాట్సాప్‌లో సందేశం పెట్టాను. మే నెలలో జవాబు వచ్చింది. ఓడ లంగరు వేసి ఉందట. సిబ్బందిని ఒక్కొక్కరినీ ఒక్కో గదిలో వేరుగా ఉంచాలని, ప్రయాణికుల గదులే ఇచ్చారట. "బాబాయ్, ఇప్పుడు నాకు కిటికీ ఉంది" అని రాశాడు. కింద ఒక ఫొటో. కిటికీ, దాని అవతల ఏమీ లేని సముద్రం. జూన్‌లో విమానంలో ముంబై చేరి, క్వారంటైన్ అయ్యాక సోంపేట వెళ్ళాడు. తర్వాత మళ్ళీ ఓడెక్కాడు. అప్పు ఉంది గదా.

ఇప్పటికీ సంక్రాంతికి సందేశం పెడతాడు. ఒకసారి అడిగాను, ఆ ఆదివారం సంగతి గుర్తుందా అని. "ఏ ఆదివారం బాబాయ్?" అన్నాడు. అతనికి ప్రతి వారం అలాంటి ఆదివారమే. నాకొక్కడికే అది గుర్తుంది.

పార్కులో మిత్రులు మళ్ళీ అడిగితే ఇంత కథ చెప్పలేను గనక ఇక్కడ రాశాను. ఆ గుడ్డసంచి ఇంకా మా ఇంట్లో తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది. ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా, పనిమనిషిని అడగబోయేముందు ఆ సంచీ, నా జేబులూ వెతుక్కుంటాను. ఎక్కువసార్లు అక్కడే దొరుకుతోంది.